పెద్ద ప్రధాన సంఖ్యల వేట: అపరిచితుల కంప్యూటర్లు చేసిన లెక్కను నమ్మేదెలా?

సంక్షిప్తంగా: 2024 అక్టోబరులో 4 కోట్లకు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్య బయటపడింది. దాని వెనుక 1996 నుంచి వేల మంది తమ కంప్యూటర్లను ఉచితంగా వినియోగానికి ఇస్తున్న ఒక స్వచ్ఛంద పథకం ఉంది. ఈ పథకం ఇంతకాలం నిలవడానికి యంత్రాల బలం కొంతవరకే కారణం. ముఖం తెలియని మనిషి పంపిన ఫలితం సరైనదో కాదో తేల్చే పద్ధతులు అంతకన్నా ముఖ్యమైన కారణం. గత కొన్నేళ్లలో ఆ పద్ధతులు మారాయి, యంత్రాలూ మారాయి. ఇంటి కంప్యూటర్ చేయగల పని ఏమిటన్న ప్రశ్న అందుకే మళ్ళీ ముందుకు వచ్చింది.

2024 అక్టోబరు 21న వెలువడిన ప్రకటన ప్రకారం 2^136279841 − 1 అనే సంఖ్య ప్రధాన సంఖ్య. అంటే 2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి, వచ్చిన దానిలోంచి 1 తీసివేస్తే మిగిలే సంఖ్యను 1తోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగించలేం. దానిలోని అంకెలు 4,10,24,320. పేజీకి 3,000 అంకెల చొప్పున అచ్చు వేస్తే 13,675 పేజీలు పడుతుంది.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ అన్నీ చుట్టుపక్కలే ఉన్న తిరుపతిలో గణితం, కంప్యూటర్ చదివేవారికి కొదవ లేదు. అలాంటి చోట కూడా ఈ వార్త చదివినవారికి కొన్ని సందేహాలు రావడం సహజం. ఇంత పెద్ద సంఖ్యను ఏ సూపర్ కంప్యూటర్ లెక్కించింది? ఇది బిట్‌కాయిన్ తవ్వకం వంటిదా? బ్యాంకు లావాదేవీల రహస్య సంకేతాలకు దీనితో ముప్పు ఉందా? ఒక్కొక్కదానికీ సమాధానం ఉంది. అవి అర్థం కావాలంటే ముందు లెక్క స్వభావం తెలియాలి.

380 ఏళ్ల నాటి పట్టిక

2 ఘాతాలలోంచి 1 తీసివేయగా వచ్చే సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలంటారు. ఫ్రాన్స్‌కు చెందిన మత గురువు మారిన్ మెర్సెన్ 1644లో, 257 వరకు ఏ ఘాతాంకాలకు ఇవి ప్రధాన సంఖ్యలవుతాయో ఒక పట్టిక ఇచ్చాడు. ఘాతాంకం తానే ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితం ప్రధాన సంఖ్య కాలేదు. అయితే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు. 2^7 − 1 అంటే 127 ప్రధాన సంఖ్య. 2^11 − 1 అంటే 2047 మాత్రం 23, 89ల లబ్ధం.

మెర్సెన్ పట్టికలో తప్పులున్నాయని తేలడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. 67, 257 అందులో ఉండకూడనివి. 61, 89, 107 ఉండవలసినవి, కానీ లేవు. ఆయిలర్ 1772లో 2^31 − 1ని, ఎదువార్ ల్యూకా 1876లో 39 అంకెలున్న 2^127 − 1ని ప్రధాన సంఖ్యలుగా నిరూపించారు. ల్యూకా పద్ధతిలో ఒక వింత ఉంది. ఒక సంఖ్యకు కారణాంకాలు ఏవో తెలియకుండానే అది ప్రధాన సంఖ్య కాదని ఆ పద్ధతి చెప్పగలదు. 2^67 − 1 ప్రధాన సంఖ్య కాదని ల్యూకా అలాగే తేల్చాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపింది 1903లో. సంఖ్య విడిపోతుందని తెలిశాక, ఎలా విడిపోతుందో తెలియడానికి పాతికేళ్లకు పైగా పట్టిందన్నమాట. నేటి వేట మొత్తం ఈ తేడా మీదే నడుస్తోంది.

1930 ప్రాంతంలో డెరిక్ లెమర్ ల్యూకా పద్ధతిని సరళం చేశాడు. 1952లో రాఫెల్ రాబిన్సన్ దాన్ని ఒక తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కు ఎక్కించగానే ఆ ఒక్క ఏడాదిలోనే ఐదు కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్యలు దొరికాయి.

అలిపిరి మెట్ల వంటి లెక్క

ల్యూకా, లెమర్ పరీక్షను పలక మీద చేసి చూడవచ్చు. 4తో మొదలుపెట్టాలి. ప్రతి మెట్టులోనూ చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షిస్తున్న మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవాలి. ఘాతాంకం కన్నా రెండు తక్కువ మెట్లు పూర్తయ్యాక శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య, కాకపోతే కాదు. 127 విషయంలో ఘాతాంకం 7 కనుక ఐదు మెట్లు: 4 నుంచి 14, తర్వాత 67, 42, 111, చివరికి 0. కనుక 127 ప్రధాన సంఖ్య. 2047కు తొమ్మిది మెట్లు చేస్తే చివర 1736 మిగులుతుంది. 23, 89ల ప్రస్తావన ఎక్కడా రాకుండానే అది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది.

మెర్సెన్ సంఖ్యలనే ఎంచుకోవడానికి మరో కారణం భాగహారం తేలిక కావడం. ఒక సంఖ్యను 999తో భాగించగా వచ్చే శేషం కావాలంటే, దాన్ని మూడేసి అంకెల ముక్కలు చేసి కలిపితే చాలు. 123456కు 123, 456 కలిపితే వచ్చే 579 ఆ శేషం. కంప్యూటర్ వాడే ద్విసంఖ్యామానంలో మెర్సెన్ సంఖ్య అంటే వరుసగా 1లు మాత్రమే ఉన్న సంఖ్య, దశాంశ పద్ధతిలో 999 లాంటిదే. అందువల్ల భాగహారం వట్టి కూడికగా మారిపోతుంది.

కష్టమంతా వర్గం చేయడంలో ఉంది. 4.1 కోట్ల అంకెల సంఖ్యను బడిలో నేర్పిన పద్ధతిలో దానితోనే గుణిస్తే సుమారు 17 కోట్ల కోట్ల చిన్న గుణకారాలు అవసరమవుతాయి. అది ఒక్క మెట్టుకు మాత్రమే. మెట్లు 13.6 కోట్లకు పైగా ఉన్నాయి. ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అనే గణిత సాధనం ఈ భారాన్ని ఊహకందనంతగా తగ్గిస్తుంది. సంఖ్యను ముక్కలుగా కోసి, ఆ ముక్కలను ఒక తరంగంలోని స్థానాలుగా భావించి, తరంగాల లోకంలో సులువుగా గుణించి, తిరిగి మామూలు సంఖ్యగా మార్చడం ఇందులోని కీలకం. మెర్సెన్ సంఖ్యలకు ప్రత్యేకంగా సరిపోయే రూపాన్ని రిచర్డ్ క్రాండల్, బ్యారీ ఫేగిన్ 1994లో ప్రచురించారు. రెండేళ్లకు మొదలైన స్వచ్ఛంద పథకానికి అది పునాది అయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ మెట్లను ఎవరూ పంచుకోలేరు. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 3,550 మెట్లు. పది మంది తలా 355 మెట్లు ఎక్కి, అందరం కలిసి ఒక మొక్కు తీర్చామంటే కుదరదు. రెండు వేలవ మెట్టు మీద కాలు పెట్టాలంటే దాని కిందిది ఎక్కి ఉండాలి. ఈ లెక్కలోనూ ప్రతి మెట్టుకూ కిందటి మెట్టులో వచ్చిన శేషం కావాలి. లక్ష కంప్యూటర్లున్నా ఒక సంఖ్య పరీక్ష ఆ లెక్కన లక్ష రెట్లు వేగంగా ముగియదు. మరి ఇంతమంది కలిసి చేస్తున్న పని ఏమిటి?

పని పంపకం

తిరుమల అన్నప్రసాద కేంద్రంలో శ్రీవారి సేవకులు కూరగాయలు తరిగే తీరులో దీనికి సమాధానం ఉంది. ఒక్కొక్కరి ముందు ఒక్కో కుప్ప. ఒకరి కుప్ప పూర్తి కావడానికి పక్కవారి కుప్పతో పని లేదు. మెర్సెన్ వేటలో కుప్ప అంటే ఒక ఘాతాంకం. ఒక పరీక్షను ముక్కలు చేయలేకపోయినా, పరీక్షించవలసిన ఘాతాంకాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. మనిషికొకటి పంచితే అందరూ ఒకేసారి పనిచేయవచ్చు.

అమెరికాకు చెందిన ప్రోగ్రామర్ జార్జ్ వోల్ట్‌మన్ 1996 జనవరిలో ఈ ఆలోచనతోనే గ్రేట్ ఇంటర్నెట్ మెర్సెన్ ప్రైమ్ సెర్చ్‌ను ప్రారంభించాడు. సంక్షిప్తంగా దాన్ని జింప్స్ అంటారు. మొదట్లో ఘాతాంకాల పంపకం ఈమెయిల్ ద్వారా మనుషులే చేసేవారు. 1997లో స్కాట్ కురోవ్‌స్కీ రూపొందించిన ప్రైమ్‌నెట్ సర్వర్ ఆ పనిని యంత్రానికి అప్పగించింది. దర్శనం టోకెన్‌లా ప్రతి ఘాతాంకం ఒకరి పేరున నమోదవుతుంది, నిర్ణీత కాలంలో ఫలితం రాకపోతే మరొకరికి వెళుతుంది. పథకం మొదలైన ఏడాదిలోనే, 1996 నవంబరులో, 2^1398269 − 1 దొరికింది.

పరీక్షకు ముందు జల్లెడ పడతారు. ఒక మెర్సెన్ సంఖ్యకు కారణాంకం ఉంటే అది తప్పనిసరిగా ఘాతాంకానికి రెట్టింపు చేసి, దాన్ని మరొక పూర్ణ సంఖ్యతో గుణించి, 1 కలిపితే వచ్చే రూపంలోనే ఉంటుంది. 2047 కారణాంకాలు చూడండి: 23 అంటే 22కు 1 కలిపినది, 89 అంటే 22ను 4తో గుణించి 1 కలిపినది. కోల్ కనుగొన్న 193707721 కూడా 134 గుణిజానికి 1 కలిపినదే. ఈ రూపంలో ఉన్న చిన్న సంఖ్యలతో భాగించి చూస్తే చాలా ఘాతాంకాలు అసలు పరీక్ష దాకా రాకుండానే రాలిపోతాయి. గ్రాఫిక్స్ కార్డులు ఈ భాగహారాలు వేగంగా చేస్తాయి. జల్లెడలో నిలిచినవాటికి జాన్ పొలార్డ్ 1974లో ప్రతిపాదించిన మరో కారణాంక పద్ధతిని ప్రయోగించి, అప్పటికీ లొంగనివాటినే పూర్తి పరీక్షకు పంపుతారు.

ఇదే కాలంలో వచ్చిన ఇతర స్వచ్ఛంద పథకాలతో పోల్చితే జింప్స్ ప్రత్యేకత తెలుస్తుంది. గ్రహాంతర సంకేతాల కోసం రేడియో దూరదర్శిని సమాచారాన్ని జల్లెడ పట్టిన సెటీ ఎట్ హోమ్ 1999లో మొదలై, 2020 మార్చిలో కొత్త పని పంచడం ఆపేసింది. 2005లో మొదలైన ప్రైమ్‌గ్రిడ్ ఇతర రూపాల ప్రధాన సంఖ్యలను వెతుకుతుంది. 78557 అనే సంఖ్యను 2 ఘాతాలతో గుణించి 1 కలిపితే ఎన్నడూ ప్రధాన సంఖ్య రాదని జాన్ సెల్ఫ్రిడ్జ్ 1962లో నిరూపించాడు. అటువంటి గుణం ఉన్న బేసి సంఖ్యల్లో అదే అతి చిన్నదా అన్నది ఇప్పటికీ తేలలేదు. దాన్ని తేల్చడానికి 2002లో 17 సంఖ్యలతో మొదలైన ప్రయత్నం ప్రైమ్‌గ్రిడ్‌లో కలిసి, 2016లో 93 లక్షల అంకెల ప్రధాన సంఖ్యను ఇచ్చింది. ఇప్పుడు ఐదు సంఖ్యలే మిగిలాయి. ఒక ప్రధాన సంఖ్య దొరికితే ఒక అభ్యర్థి తొలగిపోతుంది కనుక, ప్రైమ్‌గ్రిడ్‌లోని ఆ భాగానికి ముగింపు అనేది ఊహించదగినది. జింప్స్‌కు అలాంటి ముగింపు లేదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా లేవా అన్నదే ఎవరూ నిరూపించలేదు.

'కాదు' అన్న జవాబును పరీక్షించడం

ఒక పాల్గొనే వ్యక్తి 'ఇది ప్రధాన సంఖ్య' అని పంపితే ఇబ్బంది లేదు. అలాంటి వార్త ఏళ్లకొకటి వస్తుంది. వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు ప్రోగ్రాములతో మళ్ళీ లెక్కించి నిర్ధారిస్తారు. అసలు కష్టం 'కాదు' అనే జవాబులతో ఉంది. వచ్చే ఫలితాల్లో దాదాపు అన్నీ అవే. ఒక యంత్రం మధ్యలో ఎక్కడో పొరబడి, సున్నా రావలసిన చోట మరో శేషం వస్తే, ఒక ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియకుండా జారిపోతుంది. 13 కోట్ల మెట్లలో ఏ ఒక్కదానిలో ఒక్క బిట్ (కంప్యూటర్ దాచుకునే 0 లేదా 1) తారుమారైనా ఆ తర్వాతి అన్ని మెట్లూ తప్పే. పైగా తప్పు శేషం కూడా చూడటానికి సరైన శేషంలాగే ఉంటుంది.

పొరపాట్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది వేసవి తెలిసిన ఊరివారికి విడమరచి చెప్పనక్కరలేదు. మే నెలలో తిరుపతిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. కిటికీ గాలి తప్ప మరే చల్లదనమూ లేని గదిలో, దుమ్ము పట్టిన ఫ్యానుతో, రోజుల తరబడి పూర్తి వేగంతో నడిచే ప్రాసెసర్, మెమరీ చిప్పులు పొరబడే అవకాశం పెరుగుతుంది. వినోదానికో ఉత్తరం టైపు చేయడానికో వాడే కంప్యూటర్‌లో ఒక బిట్ తప్పితే తెరమీద ఒక చుక్క రంగు మారుతుందేమో, ఎవరూ గమనించరు. ఈ లెక్కలో ఆ ఒక్క బిట్టే నెల పనిని వృథా చేస్తుంది. ఫోరియర్ పద్ధతి దశాంశ భిన్నాలతో నడుస్తుంది కనుక, చివర పూర్ణ సంఖ్యకు సవరించేటప్పుడు దోషం సగం దగ్గరకు చేరితే పైకి సవరించాలో కిందికి సవరించాలో తెలియని సమస్య అదనం.

ఈ సున్నితత్వం వల్ల కంప్యూటర్ పరిశ్రమకు మేలు కూడా జరిగింది. 1994లో థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల (11, 13లా 2 తేడాతో ఉండే జంటల) మీద పనిచేస్తుండగా పెంటియం ప్రాసెసర్ భాగహారంలో లోపం బయటపడింది. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఒక లోపాన్ని బయటపెట్టినవారు జింప్స్ ప్రోగ్రామ్ ప్రైమ్95 వాడేవారే. సొంతంగా విడిభాగాలు కొని కంప్యూటర్ కూర్చుకునేవారు యంత్రం గట్టిదనాన్ని పరీక్షించడానికి ఆ ప్రోగ్రామునే నడపడం లోకమంతటా ఆనవాయితీ.

చాలాకాలం దీనికి మందు ఒక్కటే: ప్రతి పరీక్షా రెండుసార్లు చేయడం. ఫలితంగా చివరి శేషంలోని 64 బిట్లను సర్వర్‌కు పంపేవారు. కొన్నేళ్ల తర్వాత మరొకరు అదే ఘాతాంకాన్ని మళ్ళీ మొదటి నుంచి లెక్కించేవారు. రెండో లెక్కలో సంఖ్యను కావాలనే కొన్ని స్థానాలు జరిపి మొదలుపెట్టేవారు. అందువల్ల ప్రోగ్రాములో దోషం ఉన్నా అదే దోషం రెండుచోట్లా ఒకేలా పునరావృతం కాదు. రెండు శేషాలు కలిస్తే సరి, కలవకపోతే మూడో లెక్క. పద్ధతి గట్టిదే, కానీ మొత్తం శ్రమ రెట్టింపు కావడం దాని వెల.

2017లో హంగరీకి చెందిన రాబర్ట్ గెర్బిజ్ ఒక తనిఖీ పద్ధతిని ప్రతిపాదించాడు. అది ల్యూకా, లెమర్ పరీక్షకు పనికిరాదు. ప్రతి మెట్టులో 2 తీసివేయడం దానికి అడ్డు. వరుసగా వర్గాలు చేస్తూ పోవడం తప్ప మరేమీ లేని లెక్కకే అది సరిపోతుంది. ఫెర్మా సూత్రం మీద ఆధారపడే పరీక్ష అలాంటిది. 3ను ఒక ప్రధాన సంఖ్యకు 1 తక్కువగా ఉన్న ఘాతానికి పెంచి, అదే ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. ఈ పరీక్షలో నెగ్గిన సంఖ్య దాదాపుగా ప్రధాన సంఖ్యే అయినా, అది రుజువు కాదు. అందువల్ల నెగ్గినదాన్ని ల్యూకా, లెమర్ పరీక్షతో నిర్ధారించవలసి ఉంటుంది. నెగ్గనిది మాత్రం నిస్సందేహంగా ప్రధాన సంఖ్య కాదు. గెర్బిజ్ తనిఖీ ఈ వర్గాల వరుసలో కొన్ని మెట్లకోసారి ఆగి, అప్పటివరకు వచ్చిన శేషాల లబ్ధాన్ని మరో దారిలో లెక్కించి సరిపోల్చుతుంది. తేడా వస్తే వెనక్కి, సరిగా ఉన్న చివరి మెట్టుకు వెళ్ళి మళ్ళీ మొదలుపెడుతుంది. తనిఖీకి అయ్యే అదనపు శ్రమ స్వల్పం.

ఇది యంత్రం పొరపాటును పట్టుకుంటుంది. మనిషి మోసాన్ని పట్టుకోదు. లెక్క చేయకుండానే చేశానని ఒక శేషం పంపితే ఏమిటి గతి? దానికి జవాబు క్రిష్టోఫ్ పియెత్రజాక్ 2018లో రహస్య సంకేతాల శాస్త్రం కోసం రూపొందించిన ఒక రుజువు పద్ధతి. లెక్క చేస్తున్న యంత్రం దారిలో కొన్ని మధ్య శేషాలను దాచుకుంటుంది. చివర వాటిని ఒక చిన్న రుజువుగా కుదిస్తుంది. పొడవైన దారిని సగానికి విరిచి, రెండు సగాలను యాదృచ్ఛిక గుణకంతో కలిపి ఒకే సగంగా మార్చడం, దాన్ని మళ్ళీ విరవడం, ఇలా పలుమార్లు చేయడం ఇందులోని తీరు. గుణకం ఏది వస్తుందో ముందుగా తెలియదు కనుక అబద్ధపు శేషంతో రుజువు కూర్చడం ఆచరణలో అసాధ్యం. సరిచూసేవారు అసలు శ్రమలో నూరింట ఒక వంతు కన్నా తక్కువతోనే నిజం తేల్చగలరు. జింప్స్ 2020లో దీన్ని చేర్చుకుంది. 2021 నుంచి కొత్త ఘాతాంకాల మొదటి పరీక్షకు పాత పద్ధతిని పక్కన పెట్టింది. ఈ ఒక్క మార్పుతో పథకం సామర్థ్యం దాదాపు రెట్టింపైంది. ఒక్క కొత్త కంప్యూటర్ కూడా కొనకుండా సాధించిన ఈ పెరుగుదలకు, దక్కవలసిన ప్రచారం వార్తల్లో దక్కలేదు.

సర్వర్ వైపు కూడా పొరపాటు జరగవచ్చని 2016 నాటి ఆవిష్కరణ చూపింది. 2^74207281 − 1 ప్రధాన సంఖ్య అని మిస్సోరీలోని ఒక విశ్వవిద్యాలయ కంప్యూటర్ 2015 సెప్టెంబరులోనే సర్వర్‌కు తెలిపింది. ఆ సమాచారం మనుషుల కంట పడింది 2016 జనవరి 7న, వేరే పనికోసం రికార్డులు తిరగేసినప్పుడు. దాదాపు నాలుగు నెలలు అప్పటికి ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఒక డేటాబేస్‌లో ఎవరూ చూడని వరుసగా పడి ఉంది. జింప్స్ లెక్కలో మాత్రం ఆవిష్కరణ తేదీ మనిషి గమనించిన రోజే.

2024 మలుపు

1996 నుంచి 2018 వరకు జింప్స్ కనుగొన్న 17 ప్రధాన సంఖ్యలూ మామూలు ప్రాసెసర్లున్న కంప్యూటర్ల మీద దొరికినవే. 2018 డిసెంబరు తర్వాత దాదాపు ఆరేళ్లు ఏమీ దొరకలేదు. 2024 ఆవిష్కర్త ల్యూక్ డ్యూరాంట్ గతంలో గ్రాఫిక్స్ ప్రాసెసర్లు తయారుచేసే ఎన్విడియా సంస్థ ఉద్యోగి. ఆయన 17 దేశాల్లోని డేటా కేంద్రాల నుంచి వేల గ్రాఫిక్స్ ప్రాసెసర్లను క్లౌడ్ ద్వారా కలిపి వాడాడు. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో ఉన్న ఒక ఎన్విడియా ఏ100 గ్రాఫిక్స్ ప్రాసెసర్ అక్టోబరు 11న ఫెర్మా తరహా పరీక్షలో నెగ్గినట్టు చూపింది. మరునాడు అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఉన్న హెచ్100 ల్యూకా, లెమర్ పరీక్షతో దాన్ని నిర్ధారించింది. వాడిన ప్రోగ్రామ్ మిహాయ్ ప్రెడా రాసిన జీపీయూఔల్. గ్రాఫిక్స్ ప్రాసెసర్ల మీద దొరికిన మొదటి మెర్సెన్ ప్రధాన సంఖ్య ఇదే. జింప్స్ ఇచ్చే 3,000 డాలర్ల బహుమతిని అలబామాలోని గణిత, విజ్ఞాన పాఠశాలకు ఇవ్వాలని ఆవిష్కర్త నిర్ణయించుకున్నాడు.

సూపర్ కంప్యూటర్ వాడారా అన్న ప్రశ్నకు, ఆ మాటకు ఉన్న పాత అర్థంలో, జవాబు 'వాడలేదు' అనే. కానీ పంపిణీ గణన స్వరూపం మారింది. ఇంతకు ముందు పంపిణీ అంటే వేల ఇళ్లు. ఇప్పుడు ఒకే మనిషి చెల్లింపుతో వేల యంత్రాలు. మొదటి పరీక్షల్లో ముందంజ అటువైపు జరగడం ఖాయం. ఇంటి కంప్యూటర్‌కు ఈ పరిమాణపు ఒక పరీక్ష పూర్తి కావడానికి రోజులు, పాతదైతే వారాలు, నెలలు పడుతుంది.

ఖర్చు కూడా చూడాలి. 150 వాట్ల కంప్యూటర్ రోజంతా నడిస్తే 3.6 యూనిట్లు, నెలకు 108 యూనిట్లు. వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబుల విధానంలో ఈ అదనపు యూనిట్లు ఇంటి మామూలు వాడకం మీద చేరి పై స్లాబు ధరకే పడతాయి. కరెంటు పోతే అరగంట లెక్కకు మించి నష్టం ఉండదు, ఎందుకంటే ప్రోగ్రామ్ అప్పుడప్పుడు తన స్థితిని డిస్కులో భద్రపరుస్తుంది. వేసవిలో నడపాలంటే గది వేడిని ఎవరు తీసివేస్తారన్నది మాత్రం విడిగా ఆలోచించవలసిందే.

కళాశాలల ప్రయోగశాలలు మరో దారి. 2005, 2006, 2013, 2016 నాటి నాలుగు ఆవిష్కరణలు ఒకే మిస్సోరీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సాధారణ కంప్యూటర్ల మీద జరిగాయి. రాత్రిపూట, సెలవుల్లో ఖాళీగా ఉండే యంత్రాలు తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ వందలున్నాయి. అయితే యాజమాన్యం అనుమతి లేకుండా ప్రయోగశాల కంప్యూటర్‌లో ఇటువంటి ప్రోగ్రామ్ పెట్టడం తప్పు. కరెంటు బిల్లు కట్టేది సంస్థ, యంత్రం అరిగితే భరించేదీ సంస్థే.

ఏమిటి ఉపయోగం, ఏది కాదు

బ్యాంకు సంకేతాలకు దీనితో సంబంధం లేదు. ఆర్‌ఎస్‌ఏ వంటి పద్ధతులకు కావలసినవి సుమారు 300, 600 అంకెల ప్రధాన సంఖ్యలు. అవి ఎవరికీ తెలియనివై ఉండాలి. ప్రపంచమంతటికీ తెలిసిన, వేళ్లమీద లెక్కపెట్టగల మెర్సెన్ ప్రధాన సంఖ్యలు ఆ పనికి బొత్తిగా పనికిరావు. బిట్‌కాయిన్ తవ్వకంతో పోలిక పైపైదే. అక్కడ లెక్క ఫలితానికి ఆ బిట్‌కాయిన్ లావాదేవీల గొలుసుకు బయట అర్థం ఉండదు. ఇక్కడ ఒక్కో ఫలితం శాశ్వతంగా నిలిచే గణిత సత్యం. డబ్బు ఆశ పెట్టుకోదగ్గ పనీ కాదు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పది లక్షల అంకెల మొదటి ప్రధాన సంఖ్యకు 50,000 డాలర్లు, కోటి అంకెలదానికి 1,00,000 డాలర్లు ఇచ్చింది. రెండూ జింప్స్ ఆవిష్కరణలకే దక్కాయి. పది కోట్ల అంకెలకు ప్రకటించిన 1,50,000 డాలర్లు ఇంకా ఎవరూ గెలవలేదు. దానికి ఘాతాంకం 33 కోట్లు దాటాలి.

2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యనైనా, అంకెల సంఖ్యకు ఒక స్థిర ఘాతాన్ని మించి పెరగని కాలంలో కచ్చితంగా పరీక్షించే పద్ధతిని ఇచ్చారు. సిద్ధాంతపరంగా అది మైలురాయి. మరి దాన్నే ఎందుకు వాడరని విద్యార్థులు అడుగుతారు. అది ఏ సంఖ్యకైనా వర్తించే సార్వత్రిక పద్ధతి కనుక నిదానం. మెర్సెన్ సంఖ్యల ప్రత్యేక నిర్మాణాన్ని వాడుకునే పాత పద్ధతులు ఆచరణలో దానికన్నా ఎన్నో రెట్లు వేగం.

గణితంలో ఒక నేరు ప్రయోజనం ఉంది. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్యా ఒక పరిపూర్ణ సంఖ్యను ఇస్తుంది, అంటే తనను మినహాయించి మిగిలిన తన కారణాంకాల మొత్తానికి తానే సమానమైన 6, 28, 496 వంటిదాన్ని. ఇది యూక్లిడ్ నుంచి తెలిసినదే. సరి సంఖ్యల్లో ఇవి తప్ప వేరే పరిపూర్ణ సంఖ్యలు లేవని ఆయిలర్ నిరూపించాడు. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందో లేదో నేటికీ తెలియదు.

వరుసలో ఖాళీలు

2024 నాటి సంఖ్యను తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో 52వది అంటారు. ఇందులో 'తెలిసిన' అన్న మాటను వదిలేయకూడదు. పరిమాణ క్రమంలో అది 52వదో కాదో తెలియాలంటే, దానికన్నా చిన్న ఘాతాంకాలన్నీ పరీక్షించి, ఆ ఫలితాలన్నీ సరిచూసి ఉండాలి. 2008 ఆగస్టులో 4,31,12,609 ఘాతాంకంతో ఒకటి దొరికిన రెండు వారాలకే, దానికన్నా చిన్నదైన 3,71,56,667 ఘాతాంకంతో మరొకటి దొరికింది. మరుసటి ఏడాది ఆ రెండింటి మధ్య ఇంకొకటి బయటపడింది. 2013లో కనుగొన్న 2^57885161 − 1 నిజంగా 48వదేనని తేలడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది.

పాత పద్ధతిలో ఒక్కసారే పరీక్షించి, రుజువు లేకుండా నమోదైన ఘాతాంకాలను మళ్ళీ లెక్కించే పని అందుకే ఇంకా నడుస్తోంది. కొత్త రికార్డు కోసం పోటీ పడలేని ఇంటి యంత్రాలకు ఇది అందుబాటులో ఉన్న పని. దానికన్నా చిన్నది మరొకటి ఉంది. క్లౌడ్‌లోని గ్రాఫిక్స్ ప్రాసెసర్లు పంపే రుజువులను సరిచూసే పనిని కూడా సర్వర్ పాల్గొనేవారికే పంచుతుంది. డేటా కేంద్రంలోని ఖరీదైన యంత్రం 13 కోట్ల మెట్లు ఎక్కి తెచ్చిన శేషం నిజమో కాదో, ఆ శ్రమలో నూరో వంతు కూడా లేకుండా, తిరుపతి బైరాగిపట్టెడలో ఒక విద్యార్థి పాత కంప్యూటర్ తేల్చి చెప్పగలదు. దాని సంతకం పడేదాకా ఆ ఫలితం తనిఖీ అయినట్టు నమోదు కాదు.